మరిగించినా చావని క్రిములు: వెండి నానో కణాలు వాటిని ఆపగలవా?



కొద్ది నెలల క్రితం మా నర్సింగ్ హాస్టల్ వంటశాల చూసుకునే పెద్దమ్మ ఒక ప్లాస్టిక్ డబ్బా పట్టుకొని నా గదికి వచ్చింది.

"సిస్టరమ్మా, దీని లోపల వెండి నానో పూత ఉందంట. ఇందులో పెట్టిన అన్నం రాత్రంతా బయట ఉన్నా పాడవదంట. అమ్మేటాయన చెప్పాడు. పెద్దవి నాలుగు తీసుకుందామా? రాత్రి మిగిలిన అన్నం పొద్దున తాలింపు వేసి పెడితే గ్యాసు కలిసొస్తుంది" అంది.

ఆమె అడగడంలో తప్పేమీ లేదు. రోజూ 90 మంది ఆడపిల్లలకు వండిపెట్టే మనిషి, అన్నం పారేయాలంటే ప్రాణం ఒప్పదు. వద్దని చెప్పడానికి నాకు ఒక్క మాట చాలింది. ఎందుకు వద్దో చెప్పడానికి మాత్రం అరగంట పట్టింది. ఆ అరగంట మాటలే ఈ నెల పాఠం.

ఈ పాఠంలో మనం తెలుసుకొనే విషయాలు నాలుగు: స్పోరు అంటే ఏమిటి, అది మరిగించినా ఎందుకు చావదు, లోహపు నానో కణాలు దానిమీద ఎంతవరకు పనిచేస్తాయి, అంతవరకు మన వంటింట్లో మనం ఏమి చేయాలి.

స్పోరు అంటే ఏమిటి?

బాక్టీరియా ఒకే కణం గల జీవి. తిండి, తేమ, వెచ్చదనం దొరికితే పెరుగుతుంది, రెండుగా చీలుతుంది. అవి దొరకనప్పుడు చాలా రకాల బాక్టీరియా చనిపోతాయి. కాని బాసిల్లస్, క్లాస్ట్రిడియం అనే రెండు ప్రజాతులకు, వాటి దగ్గరి బంధువులకు మరొక దారి ఉంది. కరువు వస్తుందని తెలిసిన రైతు వచ్చే పంటకోసం విత్తనాలు గాదెలో దాచినట్లు, ఈ బాక్టీరియా తన లోపల ఒక గట్టి గింజను తయారుచేసుకుంటుంది. బయటి కణం నశించిపోతుంది, గింజ మిగులుతుంది. దానినే స్పోరు అంటారు. పాఠ్యపుస్తకాల్లో సిద్ధబీజం అని చదివి ఉంటారు.

ఈ గింజ నిర్మాణం గమనించండి. మధ్యలో ఉన్న గదిలో నీరు చాలా తక్కువ. ఆ స్థానంలో కాల్షియంతో కూడిన డైపికోలినిక్ ఆమ్లం నిండి ఉంటుంది. జన్యు పదార్థాన్ని చిన్న చిన్న ప్రోటీన్లు చుట్టి కాపాడతాయి. దాని చుట్టూ మందమైన గోడ, ఆ పైన పొరలు పొరలుగా ప్రోటీను కవచం. స్పోరు తినదు, ఊపిరి తీసుకోదు, చీలదు. ఏళ్ల తరబడి అలాగే ఉండగలదు. మళ్లీ తిండి, తేమ తగిలినప్పుడు నిమిషాల్లో మేలుకొని మామూలు బాక్టీరియాగా మారుతుంది.

1876లో జర్మనీలో ఫెర్డినాండ్ కోన్ ఎండుగడ్డి కషాయంలోని బాసిల్లస్‌లో ఈ స్పోరులను గుర్తించి, అవి వేడికి తట్టుకుంటాయని చెప్పాడు. అదే సంవత్సరం రాబర్ట్ కాక్ ఆంత్రాక్స్ క్రిమి స్పోరులను వివరించాడు. అప్పటినుండి నేటివరకు ఆసుపత్రులకు, ఆహార కర్మాగారాలకు ఇవి తలనొప్పిగానే ఉన్నాయి.

మరిగిస్తే ఎందుకు చావవు?

నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. మామూలు బాక్టీరియా ఆ వేడికి కొద్ది నిమిషాల్లోనే చనిపోతాయి. స్పోరుల సంగతి వేరు. 1922లో కాలిఫోర్నియాలో ఎస్టీ, మేయర్ అనే ఇద్దరు పరిశోధకులు బొటులిజం క్రిమి స్పోరులను పరీక్షించారు. వాటిలో అన్నిటికంటే గట్టివి 100 డిగ్రీల వద్ద చావడానికి 330 నిమిషాలు, అంటే ఐదున్నర గంటలు పట్టింది. అదే 121 డిగ్రీల వద్ద మూడు నిమిషాలలోపే చనిపోయాయి. వేడి ఇరవై డిగ్రీలు పెరిగితే ఎంత తేడా వచ్చిందో చూడండి.

అందుకే మన ఆసుపత్రుల్లో ఆపరేషన్ సామాన్లను మరిగించి ఊరుకోము. ఆటోక్లేవ్‌లో 15 పౌండ్ల ఒత్తిడితో 121 డిగ్రీల ఆవిరిలో ఉంచుతాము. ఆటోక్లేవ్ సరిగా పనిచేసిందా లేదా అని చూడటానికి కూడా స్పోరులనే వాడతాము. బాగా వేడికి తట్టుకునే స్పోరులున్న చిన్న సీసాను సామాన్లతో పాటు లోపల పెట్టి, తీశాక ఇంక్యుబేటర్‌లో ఉంచుతాము. ఆ స్పోరులు మొలవకపోతేనే ఆ లోడు క్షేమమైనదని నమ్ముతాము. చేతులకు రాసుకునే స్పిరిటు ద్రవం కూడా స్పోరులను చంపదు. క్లాస్ట్రిడియం డిఫిసిలె వల్ల విరేచనాలవుతున్న రోగిని ముట్టుకున్నాక తప్పక సబ్బుతో, నీళ్లతో కడుక్కోమని విద్యార్థినులకు చెప్పేది ఇందుకే.

ఇంకొక విచిత్రం ఉంది. 70, 80 డిగ్రీల వేడి స్పోరును చంపకపోగా కొన్నిసార్లు నిద్ర లేపుతుంది. అంటే వంట చేసినప్పుడు తోటి క్రిములన్నీ చనిపోతాయి, స్పోరు మిగిలి మేలుకుంటుంది. పొయ్యి దింపిన గిన్నె మెల్లగా చల్లారుతుంటే, పోటీ లేని ఆ ఇంట్లో అది ఒక్కటే కాపురం పెడుతుంది.

మన భోజనంలో ఎదురయ్యే మూడు క్రిములు

1. బాసిల్లస్ సీరియస్. ఇది మట్టిలో ఉంటుంది, అక్కడినుండి బియ్యానికి, పప్పులకు, మసాలాలకు చేరుతుంది. వండిన అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే పెరిగి, సెరియులైడ్ అనే విషాన్ని అన్నంలోనే తయారుచేస్తుంది. తిన్న అరగంట నుండి ఆరు గంటలలోపు వాంతులు మొదలవుతాయి. ఈ విషాన్ని 121 డిగ్రీల వద్ద గంటన్నర ఉంచినా పోదు. ఇదే క్రిమిలో మరో రకం పేగులో విషం చేసి, 6 నుండి 15 గంటల తరువాత విరేచనాలు కలిగిస్తుంది.

2. క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్. పెద్ద గిన్నెల్లో వండి మెల్లగా చల్లార్చిన మాంసం కూరలు దీనికి ఇష్టం. 43 నుండి 46 డిగ్రీల వేడిలో సుమారు పది నిమిషాలకొకసారి రెట్టింపవుతుంది. తిన్న 6 నుండి 24 గంటలలోపు కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు వస్తాయి. పెళ్లిళ్లు, హాస్టళ్లు, పెద్ద విందులు దీని స్థలాలు.

3. క్లాస్ట్రిడియం బొటులినమ్. గాలి చొరబడని చోట, పులుపు తక్కువగా ఉన్న ఆహారంలో పెరుగుతుంది. దీని విషం నరాలను పడగొడుతుంది. 1895 డిసెంబరులో బెల్జియంలోని ఎల్లెజెల్ అనే ఊరిలో అంత్యక్రియలకు వచ్చిన వాయిద్యకారులు ఉప్పు పట్టించిన పంది మాంసం తిన్నారు. చాలామందికి జబ్బు చేసింది, ముగ్గురు చనిపోయారు. ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ అనే ఆచార్యుడు ఆ మాంసంలో నుండి ఈ క్రిమిని వేరుచేశాడు. ఇది మన దగ్గర అరుదు గాని, వస్తే ప్రాణాంతకం.

ఇక్కడ ఒక అనుభవం చెబుతాను. చాలా ఏళ్ల క్రితం నేను వార్డు సిస్టర్‌గా ఉన్నప్పుడు ఒక తల్లి ఇద్దరు పిల్లలను తీసుకొని వచ్చింది. ఉదయం తాలింపు అన్నం తిన్న రెండు గంటలకు ఇద్దరికీ ఆగని వాంతులు. "రాత్రి అన్నమే సిస్టర్, కాని బాగా వేడి చేసే పెట్టాను, పొగలు వచ్చేదాకా వేపాను" అని ఆమె ఏడ్చింది. ఆమె చెప్పింది నిజమే. వేడి చేసినప్పుడు బతికి ఉన్న బాక్టీరియా చనిపోయి ఉంటాయి. కాని అంతకుముందే రాత్రి వాటివల్ల తయారైన విషం అన్నంలో ఉండిపోయింది. సెలైన్ పెట్టాక పిల్లలిద్దరూ కోలుకున్నారు. ఆ తల్లికి మాత్రం తన తప్పు ఎక్కడుందో అంతవరకు ఎవరూ చెప్పలేదు. తప్పు పొద్దున పొయ్యి దగ్గర లేదు, రాత్రి గిన్నె మూతపెట్టి గట్టుమీద వదిలేసిన చోట ఉంది.

ఆహార కర్మాగారాల్లో ఇబ్బంది ఏమిటి?

పులుపు లేని పదార్థాలను డబ్బాల్లో నింపే కర్మాగారాలు మన ఆటోక్లేవ్ వంటి పెద్ద పాత్రల్లో, 121 డిగ్రీల ప్రాంతంలో వేడిచేస్తాయి. డబ్బా నడిమధ్య వరకు ఆ వేడి చేరాలి. పెట్టెల్లో అమ్మే ఎక్కువకాలం నిలవుండే పాలను 135 డిగ్రీలకు పైగా కొద్ది సెకన్లు వేడిచేస్తారు. మామూలుగా పాశ్చరైజ్ చేసిన ప్యాకెట్ పాలలో స్పోరులు చావవు, అందుకే వాటిని చల్లగా ఉంచాలి.

పుల్లని ఆహారంలో బొటులినమ్ స్పోరులు మొలవవు. పి.హెచ్. 4.6 కంటే తక్కువగా ఉంటే అది పెరగదు. మన ఆవకాయ, మాగాయ నిలవుండటానికి పులుపు, ఉప్పు కారణం. కాని పులుపుకు కూడా లొంగని స్పోరులున్నాయి. ఆలిసైక్లోబాసిల్లస్ అనే క్రిమి పండ్లరసాల్లో పెరిగి మందు వాసన తెస్తుంది. జబ్బు చేయదు గాని సరుకంతా పారబోయవలసిందే.

ఎక్కువ వేడి చేస్తే స్పోరులు చస్తాయి, కాని రుచి, రంగు, కొన్ని విటమిన్లు కూడా పోతాయి. పైగా పాలపొడి కర్మాగారాల స్టీలు గొట్టాల్లో, వాల్వుల మూలల్లో బాక్టీరియా జిగురు పొరగా అంటుకొని అక్కడే స్పోరులు తయారుచేస్తుంది. కాస్టిక్ సోడాతో, ఆమ్లంతో కడిగినా కొన్ని మిగులుతాయి. అందుకే వేడి పెంచకుండా స్పోరులను అదుపు చేసే మార్గం కోసం శాస్త్రజ్ఞులు వెదుకుతున్నారు. ఆ మార్గాల్లో ఒకటి లోహపు నానో కణాలు.

నానో కణం అంటే ఏమిటి?

మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. మన వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. ఒక స్పోరు సుమారు 1,000 నానోమీటర్లు. 1 నుండి 100 నానోమీటర్ల లోపు ఉన్న రేణువులను నానో కణాలంటారు. 20 నానోమీటర్ల వెండి కణాలను వరుసగా పేర్చితే ఒక స్పోరు పొడవుకు 50 పడతాయి.

ఇంత చిన్నగా చేస్తే లాభమేమిటి? ఒక బెల్లం అచ్చును నీళ్లలో వేస్తే మెల్లగా కరుగుతుంది. అదే బెల్లాన్ని పొడి చేసి వేస్తే వెంటనే కరుగుతుంది. బరువు అంతే, నీటికి తగిలే పైభాగం పెరిగింది. లోహమూ అంతే. చిన్న కణాలుగా ఉన్న వెండి నుండి వెండి అయాన్లు ఎక్కువగా వెలువడతాయి. అవి బాక్టీరియా ప్రోటీన్లలోని గంధకానికి అంటుకొని, పొరను చెడగొట్టి, ఊపిరి తీసుకునే వ్యవస్థను ఆపుతాయి. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ వంటివి వెలుతురు తగిలినప్పుడు తీవ్రమైన ఆక్సిజన్ రూపాలను పుట్టించి క్రిమి గోడను కాలుస్తాయి.

వెండి మనకు కొత్త కాదు. 1880లలో జర్మనీ వైద్యుడు కార్ల్ క్రేడే పుట్టిన బిడ్డల కళ్లలో వెండి నైట్రేటు చుక్కలు వేయించి ఎందరినో గుడ్డితనం నుండి కాపాడాడు. కాలిన గాయాలకు మనం రాసే తెల్లని క్రీములో వెండి ఉంది. 2009లో మన దేశంలో వరి ఊక బూడిదలో వెండి నానో కణాలు చేర్చిన నీటి ఫిల్టరు బజారులోకి వచ్చింది. ఇవన్నీ బతికి ఉన్న బాక్టీరియా మీద పనిచేసే ఏర్పాట్లు. ఈ మాటను గుర్తుంచుకోండి, పాఠం అంతా దీనిమీదే నిలబడి ఉంది.

స్పోరు మీద నానో కణాలు పనిచేస్తాయా?

వెండి అయాను ఊపిరిని ఆపుతుంది. కాని స్పోరు ఊపిరే తీసుకోవడం లేదు. వెండి పొరను చెడగొడుతుంది. కాని స్పోరు పొర లోపల, దాని మీద గోడ, ఆ పైన కవచం ఉన్నాయి. తలుపులన్నీ వేసుకొని పడుకున్నవాడికి వీధిలో జరిగే గొడవ తగలదు. అందువల్ల నిద్రలో ఉన్న స్పోరు మీద వెండి ప్రభావం, బతికి పెరుగుతున్న బాక్టీరియా మీద ఉన్నదానికంటే చాలా తక్కువ.

దీన్ని చక్కగా చూపిన ప్రయోగం ఒకటి 2008లో ఇంగ్లండులో ప్రచురించబడింది. అక్కడి పరిశోధకులు నానో కణాలు కాకుండా మామూలు రాగి రేకులు వాడారు, కాని సూత్రం ఒకటే. క్లాస్ట్రిడియం డిఫిసిలె బాక్టీరియాను రాగిమీద వేస్తే చనిపోయింది. నిద్రలో ఉన్న స్పోరులను వేస్తే చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. తరువాత ఆ స్పోరులకు మొలిచేలా చేసే పైత్యరస లవణాన్ని ఇచ్చి వేశారు. అప్పుడు రాగి వాటిని చంపింది. లోహానికి చిక్కాలంటే స్పోరు ముందు మేలుకోవాలి.

ఈ ఆలోచన కూడా పాతదే. 1877లో జాన్ టిండాల్ స్పోరులున్న ద్రవాన్ని ఒకసారి వేడిచేసి, మరునాటికి మొలిచిన వాటిని మళ్లీ వేడిచేసి, ఇలా వరుసగా చేసి క్రిమిరహితం చేయగలిగాడు. నేటి పరిశోధకులు ఎల్-అలనైన్ అనే అమైనో ఆమ్లం వంటి వాటితో స్పోరును లేపి, మేలుకున్న క్షణంలో కొట్టే మార్గాన్ని చూస్తున్నారు. దీన్ని ఇంట్లో అన్నం మీద ప్రయత్నించకూడదు. లేపిన క్రిమి మనం కొట్టే లోపు విషం చేయవచ్చు.

నిద్రలో ఉన్నవాటినే చంపగల కణాలు లేవా? ఉన్నాయి. 2002లో అమెరికాలోని కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు మెగ్నీషియం ఆక్సైడ్ నానో కణాలకు క్లోరిన్, బ్రోమిన్ పట్టించి, అవి బాసిల్లస్ స్పోరులను కూడా నశింపజేస్తాయని చూపారు. అక్కడ పనిచేసింది కణంతోపాటు దానికి పట్టించిన క్లోరిన్, బ్రోమిన్ కూడా. అటువంటి పొడి నేలలు, గోడలు శుభ్రం చేయడానికి ఉపయోగపడవచ్చు, అన్నంలో కలుపుకునేది కాదు.

కనుక నానో కణాలకు ఆహార పరిశ్రమలో తగిన స్థలాలు మూడు కనబడుతున్నాయి. మొదటిది, యంత్రాల, గొట్టాల పైపూతగా జిగురు పొర కట్టకుండా చూడటం. బాక్టీరియా కాపురం పెట్టకపోతే స్పోరులు పుట్టవు. రెండవది, ప్యాకింగు పూతగా, దానికి తగిలి మొలిచిన స్పోరును పెరగనీయకుండా ఆపడం. మూడవది, వేడికి, పులుపుకు తోడుగా ఉండి కొంచెం తక్కువ వేడితో పని జరిగేలా చేయడం. మూడింటిలోనూ నానో కణం సహాయకురాలు మాత్రమే. వార్డులో సహాయకురాలు ఎంత మంచిదైనా మందులిచ్చే సిస్టర్ పని ఆమెకు అప్పగించము గదా!

అడ్డంకులు ఏమిటి?

మొదటి అడ్డంకి ఆహారమే. ప్రయోగశాలలో శుభ్రమైన నీటిలో పనిచేసిన వెండి, ఉప్పు ఉన్న కూరలో వెండి క్లోరైడుగా మారి పేరుకుంటుంది. ప్రోటీన్లు మిగిలిన అయాన్లను పట్టేస్తాయి. శుభ్రం చేయని గాయం మీద రసి ఉంటే మందు సరిగా పనిచేయదని మనకు తెలుసు. ఇదీ అటువంటిదే.

రెండవది మన శరీరం. ఇంత చిన్న కణాలు పేగు నుండి లోపలికి ఎంత పోతాయి, ఏ అవయవంలో నిలుస్తాయి అన్నది జాగ్రత్తగా చూడవలసిన సంగతి. తినుబండారాలకు తెల్లదనం కోసం వాడే టైటానియం డయాక్సైడ్‌లో కొంత భాగం నానో కణాలుగా ఉంటుంది. దాన్ని ఇకమీదట క్షేమమైనదిగా భావించలేమని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2021లో చెప్పింది. 2022లో యూరోపియన్ యూనియన్ ఆహారంలో దాన్ని నిషేధించింది. ఆహారానికి తగిలే ప్లాస్టిక్కుల్లో నానో రూపంలో ఉన్న పదార్థాన్ని ప్రత్యేక అనుమతి ఉంటేనే వాడాలని 2011 నుండే అక్కడ నియమం ఉంది. అనుమతి లేకుండా అమ్ముతున్న వెండి నానో ఆహార డబ్బాల అమ్మకాన్ని 2014లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఆపించింది.

వెండి నీళ్లు అని సీసాల్లో అమ్మే ద్రవాలను తాగవద్దు. ఏ జబ్బుకైనా అవి క్షేమమని, పనిచేస్తాయని ఆధారం లేదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1999లోనే ప్రకటించింది. ఎక్కువకాలం తాగినవారి చర్మం నీలి బూడిద రంగుకు మారి మళ్లీ మామూలుగా కాదు.

మళ్లీ పెద్దమ్మ డబ్బా దగ్గరకు

ఇదంతా చెప్పాక పెద్దమ్మ డబ్బాను చేతిలో తిప్పి చూస్తూ కూర్చుంది. నేను ఆమెను ఒక ప్రశ్న అడిగాను. "అమ్మా, పూత గోడకు ఉంది. నడిమధ్య ఉన్న అన్నం ఆ గోడను ఎప్పుడు ముట్టుకుంటుంది?"

ఆమె నవ్వి, "అసలు ముట్టుకోదు సిస్టరమ్మా. మధ్యలో అన్నమే కదా ఆలస్యంగా చల్లారేది" అంది.

అంతే, పాఠం ఆమే పూర్తిచేసింది. గోడకున్న వెండి నిజంగా మంచిదే అనుకున్నా, ప్రమాదం ఉన్నది గిన్నె మధ్యలో. పైగా డబ్బా నిండా అన్నం కుక్కి మూత పెడితే వేడి బయటకు పోక ఇంకా ఎక్కువసేపు క్రిములకు ఇష్టమైన వెచ్చదనంలో ఉంటుంది. డబ్బా మంచిదన్న ధైర్యంతో ఫ్రిజ్ మానేస్తే, లేని ప్రమాదాన్ని కొని తెచ్చుకున్నట్లే. ఆ డబ్బులతో మేము వెడల్పాటి స్టీలు పళ్లేలు నాలుగు కొన్నాము.

మన వంటింట్లో చేయవలసినవి

1. ఆ పూటకు సరిపడా వండండి. మిగలని అన్నానికి ఏ పూతా అక్కరలేదు.

2. వడ్డించే వరకు వేడి పదార్థాన్ని 60 డిగ్రీలకు పైన, అంటే ఆవిరి వచ్చేంత వేడిగా ఉంచండి.

3. మిగిలినదాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచవద్దు. వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరచి త్వరగా చల్లార్చి, మూతపెట్టి ఫ్రిజ్‌లో 5 డిగ్రీలలోపు ఉంచండి. మాంసం కూర పెద్ద గిన్నెతో కాకుండా చిన్న గిన్నెల్లోకి తీసి పెట్టండి.

4. తినేముందు లోపలి వరకు ఆవిరి వచ్చేలా వేడిచేయండి. ఇది పెర్‌ఫ్రింజెన్స్ వంటి వాటిని చంపుతుంది. కాని రాత్రంతా బయట ఉన్న అన్నాన్ని వేడి బాగుచేయలేదు. వాసన, రుచి మారకపోయినా విషం ఉండవచ్చు.

5. కుక్కర్‌లో వండాం గదా అనుకోవద్దు. కుక్కర్‌లో వేడి 120 డిగ్రీల దాకా వెళ్లినా రెండు మూడు విజిళ్ల సమయంలో అన్నీ చావకపోవచ్చు. మూత తీశాక గరిటెతో, చేతితో మళ్లీ చేరతాయి.

6. ప్రయాణానికి తెల్లన్నం కంటే చింతపండు, నిమ్మకాయ బాగా పట్టించిన పులిహోర మేలు. పులుపు క్రిముల పెరుగుదలను తగ్గిస్తుంది. అయినా వేసవిలో సాయంత్రం దాకా దాచుకోవద్దు.

7. చద్దన్నం తినేవారు అన్నం చల్లారిన వెంటనే నీళ్లు, మజ్జిగ కలపండి. త్వరగా పులిస్తే చెడ్డ క్రిములకు చోటు తగ్గుతుంది. ఇది పూర్తి భరోసా కాదు. చిన్నపిల్లలకు, గర్భిణులకు, రోగులకు అప్పుడే వండినదే పెట్టండి.

8. ఉబ్బిన డబ్బాను, మూత తీయగానే బుసకొట్టే డబ్బాను రుచి చూడకుండా పారవేయండి.

తల్లులకు ప్రత్యేక గమనిక

పుట్టిన బిడ్డకు తేనె నాకించే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. దయచేసి మానండి. తేనెలో బొటులినమ్ స్పోరులు ఉండవచ్చు. పెద్దవారి పేగులో అవి మొలవలేవు. ఏడాది లోపు బిడ్డ పేగులో మొలిచి విషం చేయగలవు. ఈ జబ్బును 1976లో కాలిఫోర్నియాలో గుర్తించారు. తేనెను వేడిచేసినా ఈ స్పోరులు పోవని ఇప్పుడు మీకు తెలుసు. ఏడాది నిండేవరకు తేనె వద్దు, ఆరు నెలల వరకు తల్లిపాలే చాలు.

బిడ్డకు మలబద్ధకం, పాలు సరిగా చీకలేకపోవడం, ఏడుపు బలహీనంగా ఉండటం, మెడ వాలిపోవడం కనబడితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి.

ఆసుపత్రికి ఎప్పుడు రావాలి?

వాంతులు, విరేచనాలు మొదలైతే ఓ.ఆర్.ఎస్. ద్రావణం కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండండి. పాలు తాగే బిడ్డకు పాలు ఆపవద్దు. నోరు ఎండిపోవడం, మూత్రం తగ్గడం, మత్తుగా ఉండటం, రక్తవిరేచనాలు, ఎక్కువ జ్వరం ఉంటే వెంటనే రండి. ఒకటి రెండుగా కనబడటం, రెప్పలు వాలడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం బొటులిజం సూచనలు. ఊపిరి ఆగే ప్రమాదం ఉంది కనుక ఒక్క గంట కూడా ఆగవద్దు. ఏమి తిన్నారో, ఎన్ని గంటలకు తిన్నారో రాసి తీసుకురండి. తిన్న సమయానికి, జబ్బు మొదలైన సమయానికి మధ్య తేడా చూసే డాక్టరుగారు క్రిమిని ఊహించగలుగుతారు.

పునశ్చరణ ప్రశ్నలు

ఇంట్లోవారితో, మహిళా మండలిలో ఈ ప్రశ్నలు చర్చించండి.

1. రాత్రంతా బయట ఉన్న అన్నాన్ని పొగలు వచ్చేలా వేడిచేస్తే చాలా? (చాలదు. క్రిములు చచ్చినా వాటి విషం మిగులుతుంది.)

2. బాక్టీరియాను చంపే వెండి స్పోరును ఎందుకు చంపలేదు? (స్పోరు నిద్రలో ఉంది, ఊపిరి తీసుకోదు, కవచం ఉంది.)

3. లోహం పనిచేయాలంటే స్పోరుకు ముందు ఏమి జరగాలి? (మేలుకొని మొలవాలి.)

4. నానో పూత ఉన్న డబ్బాలో అన్నం మధ్యభాగం క్షేమమా? (కాదు. పూత దాన్ని ముట్టదు.)

5. ఏడాది లోపు బిడ్డకు తేనె ఎందుకు ఇవ్వకూడదు? (బొటులినమ్ స్పోరులు బిడ్డ పేగులో మొలవగలవు.)

ముగింపుగా ఒక్క మాట. నానో కణాల మీద జరుగుతున్న పరిశోధన మంచిదే. రేపు పాల కర్మాగారపు గొట్టాల్లో, ప్యాకింగుల్లో అవి మనకు మేలు చేయవచ్చు. ఆ రోజు వచ్చినా గడియారం చూసుకోవడం, గిన్నె పలుచగా పరచడం, ఫ్రిజ్ తలుపు వేయడం మన చేతి పనులే. మా హాస్టల్‌లో ఇప్పుడు రాత్రి భోజనం ముగిసిన గంటలోపు స్టీలు పళ్లేలు ఫ్రిజ్‌లోకి వెళుతున్నాయి. ఫ్రిజ్ తలుపు మీద సమయం రాసే కాగితం అంటించింది మాత్రం నేను కాదు, పెద్దమ్మే.